క్రాకోవ్‌లో తెంపిన చామంతి

నారాయణఖేడ్,
నవంబరు ఆఖరు

బేటీ జైనబ్‌కు,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కాగితం తీశాను, మడిచాను, మళ్లీ సంచిలో పెట్టేశాను. ఫోన్లో మాట్లాడుకునేవాళ్లకు ఉత్తరాలెందుకని నువ్వు అంటావు. నిజమే. కానీ మన ఇల్లు నీకు తెలియనిది కాదు, మీ అమ్మ నిన్ను తన అక్కకు అప్పజెప్పాక ఆరో తరగతి నుంచి ఇంటరు దాకా అందులోనే పెరిగావు. ముందు గదిలో నేను ఫోనెత్తితే వంటింట్లో ఉన్న మీ ఖాలాకు అవతల నీ దగ్గు కూడా వినబడుతుంది. ఆమెకు వినబడకుండా నిన్నొక మాట అడగాలి. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. నా అక్షరాలు చూసి నవ్వకు. అవి బడిలో నేర్చుకున్నవి కావు. పాత పేపర్ల మీద చొక్కాల కొలతలు గీస్తూ, గీతల కింద పడ్డ వార్తలు చదివి నేర్చుకున్నవి. ఇప్పటికీ నాకు ఏ వార్తయినా భుజం దగ్గర మొదలై చంక దగ్గర తెగిపోయినట్టే ఉంటుంది.

అడగాల్సింది చివర్లో అడుగుతాను. ముందు ఊరి సంగతి.

నీ దగ్గర నుంచి తిరిగొచ్చి మేం ఇక్కడ దిగిన మర్నాటి నుంచి సంగమేశ్ చాయ్ హోటల్లో నాకు కుర్చీ ఖాళీగా ఉంచుతున్నారు. ముందు బెంచీలో అంబదాస్ కూర్చుంటాడు, కందుల వ్యాపారం మానేశాక వాడికి వేరే పనేముంది. "పోలండ్ అంటే దుబాయికి ముందా, దాటినంకనా?" అని మొదలుపెట్టాడు. దాటినంక అని చెప్పాను. అక్కడి నుంచి నేను ఆగలేదు.

మీ నడి ఊళ్లో ఆ పెద్ద మైదానం, మధ్యలో ఆ పొడుగాటి బట్టల మండి గురించి చెప్పాను. నలభై ఏళ్లు కత్తెర పట్టిన మనిషిని, ఎన్నో వందల ఏళ్ల నాటి బట్టల మండి అంటే నా గుండె ఎట్లా కొట్టుకుని ఉంటుందో చూడు. లోపలికి పోతే గజం గుడ్డ లేదు. పసుపు రాళ్ల దండలు, చెక్క బొమ్మలు, ఫ్రిజ్జుకు అంటించే బిళ్లలు. "అంటే గింత దూరం పోయి గుడ్డ ముట్టుకోకుంటనే వచ్చినవా?" అన్నాడు అంబదాస్. ముట్టుకున్నాను, అక్కడి టేబుల్ మీద పరిచిన గుడ్డ కొసను. అంచు కుట్టు బాగా లేదు.

చర్చి బురుజు మీద గంటగంటకూ బాకా ఊది మధ్యలో టక్కున ఆపేస్తాడే, అది కూడా చెప్పాను. ఎప్పుడో శత్రువు బాణం తగిలి బాకా ఊదేవాడి పాట తెగిపోయిందనీ, అప్పటి నుంచి అంతే ఊదుతారనీ నువ్వు చెప్పిన కథ చెప్పాను. మీ ఖాలా దానికి చెప్పిన అర్థం కూడా చెప్పాను. "పాపం, గొంతెండింది. కింద గింతమంది ఉన్నరు, ఒక్కలన్న నీళ్లియ్యరాదు?" హోటలంతా నవ్వింది.

ఇక తిండి. ఆ గరిజెల సంగతి చెప్పకుండా ఎట్లా? మన గరిజెల్లాగే పిండి మడిచి అంచులు నొక్కినవే, లోపల మాత్రం ఆలుగడ్డ, జున్ను. మీ ఖాలా ఒక్కొక్కటీ చెంచాతో పొట్ట చీల్చి, మాంసం లేదని తేలాకే నోట్లో పెట్టుకుంది. పక్క టేబుల్ వాళ్లు తినడం మానేసి ఆ తనిఖీ చూశారు. పుల్లటి పిండి చారు ఒక చెంచా తాగి, "ఇది మన అంబలే, జొన్నలు కావు, అంతే" అని గిన్నె ఖాళీ చేసింది. పొగబెట్టిన గొర్రె జున్నును మాత్రం దస్తీల మీద అచ్చు వేసే చెక్క దిమ్మె అనుకుని సంచిలో వేసుకోబోయింది. ఉప్పు గనిలో గోడ నాకింది కూడా చెప్పాను. నేనూ నాకాను, అది చెప్పలేదు.

సమాధుల పండుగ కూడా చెప్పాను. ఊరు ఊరంతా చామంతి కుండీలు, గాజు దీపాలు పట్టుకుని శ్మశానానికి పోవడం, గేటు బయట ఆ వేరుసెనగ గట్టి మిఠాయి అమ్మడం. లోపల మీ ఖాలా ఎవరిదో కుండీలోంచి పువ్వు తెంపడం, ఆ ఇంటి ముసలమ్మ నిలబెట్టి తిట్టడం. ఇది అన్నింటికంటే బాగా పండింది. రెండుసార్లు చెప్పించుకున్నారు.

ఇప్పుడు అడగాల్సిన మాట. వచ్చినప్పటి నుంచి మీ ఖాలా నాతో మాట్లాడడం లేదు. అన్నం పెడుతుంది, చాయ్ పెడుతుంది, మాట పెట్టదు. అదొక్కటే అయితే ఓర్చుకుందును. ప్రతి గురువారం దర్గాకు పోయే మనిషి, జ్వరమొచ్చినా మానని మనిషి, తిరిగొచ్చాక ఒక్కసారి కూడా పోలేదు. దర్గా చూసుకునే ముజావర్ సాబ్ స్వయంగా నన్ను అడిగాడు. ఏం చెప్పను? మోకాళ్లన్నాను. ఈ మనిషి ఇట్లా లోపలికి ముడుచుకుపోతే మళ్లీ బయటికి ఎట్లా తేవాలో నాకు తెలియదు. నీకేమన్నా చెప్పిందా? అడిగి చూడు.

మీ ఖాలూ,
సాబిర్


క్రాకోవ్,
డిసెంబరు

ఖాలూకు సలాం.

మీ ఉత్తరం ఆఫీసులో కూర్చుని చదివాను. నవ్వాను, తర్వాత ఆపేశాను. నాకు చేతిరాత పోయింది, అందుకే టైపు చేస్తున్నాను.

ఖాలాకు ఆదివారం ఫోన్ చేశాను. "బాగున్నవా బిడ్డా, తిన్నవా, దగ్గు తగ్గిందా" అంది. నేను ఏదో అడగబోతే పొయ్యి మీద పాలున్నాయని పెట్టేసింది. మీ ఇంట్లో పాలు ఇంత సేపు కాగుతాయని నాకు తెలియదు.

ఇక్కడ మంచు మొదలైంది. మీరు పావురాలకు రొట్టె చక్రం ముక్కలు వేసిన చోట ఇప్పుడు క్రిస్మస్ సంత పెట్టారు. మా ఆఫీసులో నా పైన పనిచేసే క్రిస్టీనా నాకు ఎర్ర బీట్‌రూట్ చారు డబ్బాలో తెచ్చిచ్చింది. ఖాలా ఉంటే అందులో పచ్చిమిర్చి పడేది.

ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. ఆ పువ్వు సంగతి హోటల్లో చెప్పకండి. ఆ ముసలమ్మ పెద్దగా ఏమీ అనలేదు, జాగ్రత్త అంది, అంతే. మీరు చెప్పేటప్పుడు అది తిట్టయి ఉంటుంది, తర్వాత కొట్టడం కూడా అవుతుంది. మిమ్మల్ని నేనెరుగుదును. దర్గాకు మీరే తీసుకుపోండి.

జైనబ్


నారాయణఖేడ్,
జనవరి మొదట్లో

బేటీ,

నువ్వు ఆపమన్న ఉత్తరం వచ్చేటప్పటికే ఆలస్యమైపోయింది. కుట్లు విప్పవచ్చు గానీ కత్తిరించిన గుడ్డను అతకలేమని మా ఉస్తాద్ అనేవాడు. ఆయన గురించి ఒకసారి చెప్పాలి. నవాబు కాలం షేర్వానీలు కుట్టిన మనిషి, చివరికి నిక్కర్లు కుడుతూ పోయాడు. సరే, ఆయన సంగతి ఇప్పుడొద్దు. చెప్పాల్సింది చెప్పడానికి మనసొప్పక ఆయన్ని పిలుస్తున్నాను.

దర్గాకు తీసుకుపోదామని గురువారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాను. "పోదామా?" అన్నాను. "నువ్వు పోయిరా. నేను ఏ మొఖం పెట్టుకొని పోవాలె?" అంది. నేను వచ్చినప్పటి నుంచి విన్న అతి పెద్ద మాట అదే. అందులో అర్థం నాకు తెలియలేదు. నేనూ పోలేదు.

పోయిన ఆదివారం కల్హేర్‌లో పెళ్లి. ఖాలాను నేనే బతిమిలాడి తీసుకుపోయాను, నలుగురిలో పడితే మనిషి మామూలవుతుందని. మన గల్లీ అంజద్ ఆటోలో పోయాం. ఆడవాళ్ల షామియానా వేరు, మాది వేరు, మధ్యన ఒక్క పరదా. అక్కడ కనకాంబరాల దండలు మూరలు కోసి పంచుతోంది సాలమ్మ, నీకు గుర్తుండే ఉంటుంది, మన బస్టాండు దగ్గర పూలబుట్ట పెట్టుకునే ఆవిడ. ఖాలా చెయ్యి చాచిందట. సాలమ్మ పూలు వెనక్కి లాక్కుని, "నీకిచ్చుడెందుకమ్మా, నువ్వు తెంపుకుంటవ్ కద" అంది.

పరదా ఇవతల నాకు వినబడింది. తర్వాత నవ్వులు వినబడ్డాయి. సాలమ్మది చెడ్డ మనసు కాదు, నా మాటే అది, తిరిగి తిరిగి ఆమె నోటికి చేరింది. ఆ నవ్వుల్లో మీ ఖాలా నవ్వు కూడా ఉంది, అందరితో పాటే నవ్వింది. నేను కాస్త ఊపిరి పీల్చుకుని బిర్యానీ పళ్లెం ముందు కూర్చున్నాను. అంతలో అంజద్ వచ్చాడు.

"ఖాలా ఆటోల కూసున్నది చాచా. తినలే. ఇంటికి పోదామంటున్నది."

పళ్లెం వదిలి లేచాను. దారంతా ఆమె తల తిప్పలేదు. అంజద్ ఏదో పాట పెట్టి, అద్దంలో మమ్మల్ని చూసి ఆపేశాడు.

మర్నాడు అంబదాస్ హోటల్ బయటే పట్టుకున్నాడు. పెళ్లికి వాడి పెళ్లాం నర్మద కూడా వచ్చింది, అంతా చెప్పింది.

"ఒరే సాబిర్, ఒక్కటి చెప్పు. మా వదినను ఆ ముసల్ది నిలబెట్టి తిడుతుంటే నువ్వు యాడున్నవ్ రా?"

"పక్కనే ఉన్న."

"పక్కనే ఉంటే ఏమన్నవ్?"

"భాష రాదు కదరా."

"భాష రాకుంటే చెయ్యి పట్టుకొని పక్కకు తేరాదు? చెయ్యికి కూడా భాష గావాల్నా?"

నేను చాయ్ తాగకుండానే వచ్చేశాను. నువ్వే చెప్పు బేటీ, నేను చేసింది ఒక ముచ్చట చెప్పడమే కదా. నవ్వించడానికి చెప్పాను. ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వడం లేదు.

మీ ఖాలూ


క్రాకోవ్,
జనవరి

ఖాలూ,

మీరు పక్కన లేరు.

ఇది రాయడానికి నాకు వారం పట్టింది. మీరు దూరంగా ఒక రాయి ముందు నిలబడి, రాని భాషలో చెక్కిన పేరు చదువుతున్నారు, చేతులు వెనక్కి కట్టుకుని. నేను చూశాను. నేను చూశానని మీకు తెలియదు. నేను మిమ్మల్ని చూడగలిగే చోట ఎందుకు ఉన్నానో చెప్తాను, అది ఇంకా అధ్వాన్నం.

మీ ఇద్దర్నీ అక్కడ వదిలి గేటు దగ్గర దీపాలు కొనడానికి పోయాను కదా. తిరిగొచ్చేసరికి ఖాలా చేతిలో పువ్వు, ఎదురుగా ఆ ముసలమ్మ. చుట్టూ జనం ఆగిపోయి ఉన్నారు. అదే దారిలో క్రిస్టీనా వస్తోంది, వాళ్ల నాన్నకు కుండీ పట్టుకుని. నా ప్రమోషన్ కాగితం ఆమె చేతిలో ఉన్న రోజులవి. ముసలమ్మ నా మొహం రంగు చూసి నన్ను అడిగింది, "ఈమె మీ మనిషేనా?" అని.

కాదు అన్నాను. తల కూడా ఊపాను. టూరిస్టు అయి ఉంటుందన్నాను. ఆ మాట వాళ్ల భాషలో ఎంత బాగా వచ్చిందంటే, అంతకు ముందెప్పుడూ నేను ఒక్క తప్పు లేకుండా అంత మాట్లాడలేదు.

ఆ ముసలమ్మ జాగ్రత్త అంది అని మీకు రాసింది అబద్ధం. "నా కొడుకు పోయి ఏడాది కాలేదు, వాడి పూలు కూడా దొంగిలిస్తారా" అంది. ఖాలాకు ఆ మాటలు అర్థం కాలేదు. పువ్వును మళ్లీ కుండీలో గుచ్చబోయింది, కాడ తెగి ఉంది, నిలబడలేదు. రాతి మీద పెట్టింది. ముసలమ్మకు సలాం చేసింది. మన ఇద్దర్నీ వెతకలేదు. తనొక్కతే గేటు దాకా నడిచిపోయింది.

గేటు దగ్గర నేను కలిసినప్పుడు ఒక్కటే అంది. "నీ పేరు మీదనే సదివిన బిడ్డా. ఒక్క పువ్వు నీ కొంగుకు కడదామనుకున్న." నేను మిఠాయి తింటావా అని అడిగాను.

మీరు నవ్వించడానికి చెప్పారు. నేను చెప్పకుండా ఊరుకున్నాను. ఇద్దరిలో ఎవరి తప్పు ఎక్కువో నాకు తెలియదు. ఒక్కటి మాత్రం అర్థం కావడం లేదు. ఖాలా అమాయకురాలు కాదు. ఇంతమంది మధ్య, ముక్కూ మొహం తెలియని ఇంటివాళ్ల సమాధి మీద చెయ్యి ఎందుకు వేసింది?

జైనబ్


నారాయణఖేడ్,
ఫిబ్రవరి

బేటీ జైనబ్,

నీ చివరి ప్రశ్నకు జవాబు నా దగ్గరే ఉంది. ఇన్నాళ్లూ ముచ్చట చెప్పిన ప్రతిసారీ ఆ ముక్క కత్తిరించి పక్కన పెట్టుకున్నాను. ఈసారి ఉస్తాద్‌ను పిలవను, నేరుగా రాస్తాను.

నువ్వు దీపాలకు పోయాక మేం ఆ సమాధి ముందు ఆగాం. అన్నింటికంటే ఎక్కువ దీపాలు దాని మీదే ఉన్నాయి. "ఎవలది ఇది, ఇన్ని దీపాలున్నయి?" అని మీ ఖాలా అడిగింది. నాకు తెలియదు. తెలియదు అనాలి. అరవై దాటిన నా బతుకులో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. "ఈయన వీళ్లకు పెద్ద ఔలియా" అన్నాను. అక్కడ ఆగలేదు. "పాత కాలం ఫకీరు. మనం నిన్న చూసినమే ఉప్పు గని, దాన్ని ఈయనే చూపించిండు. కట్టెతోని నేలను కొడితే ఉప్పు బయట పడ్డది" అన్నాను. ఆ కట్టె ఎట్లా ఉండేదో కూడా చెప్పాను.

మీ ఖాలా తల మీద కొంగు సర్దుకుంది. "ఆయన ఉప్పు తిన్నం నిన్న. సలాం చెప్పకుంటె ఎట్ల?" అని చేతులెత్తి ఫాతెహా చదివింది. చదివాక చుట్టూ చూసింది. మన దర్గాలో అయితే ముజావర్ ఔలియా సమాధి మీద నుంచి ఒక పువ్వు తీసి, ఆయన దీవెన, తబర్రుక్ అని చేతిలో పెడతాడు. అక్కడ ముజావర్ లేడు. పూలు చాలా ఉన్నాయి. ఒక్కటి తనే తీసుకుంది. నేను చూస్తూనే ఉన్నాను. నా కథ అంత బాగా నమ్మిందని లోపల సంతోషంగా కూడా ఉంది. ముసలమ్మ గొంతు లేచేసరికి కాళ్లు వాటంతటవే పక్క సమాధి వైపు నడిచాయి.

నీ ఉత్తరం చదివిన రోజు పొద్దున్నే ఆమె ముందు కూర్చున్నాను. కందిపప్పులో రాళ్లు ఏరుతోంది. మనింట్లో మాట ఉర్దూలో జరిగింది, నువ్వు చదివేది తెలుగు కాబట్టి తెలుగులో రాస్తున్నాను.

"ఆ రోజు నేను అటు తిరిగి నిలబడ్డ," అన్నాను.

"తెలుసు. నీ బూట్ల మడమలు కనబడ్డయి నాకు."

"మరి అడగలేదేంది?"

"ఏమని అడగాలె? ఈ మడమలు నా మొగనివేనా అని అడగాల్నా?"

పప్పు చాటలో అటూ ఇటూ చెరిగింది. తనే అంది. "నువ్వు అటు తిరిగినవ్, ఊరందరికీ చెప్పి నవ్వించినవ్. గదంత పోనియ్యి. నాకు భయం వేరే ఉన్నది. చెప్పకుండ తీసుకున్నందుకు ఆ ఫకీరుకు కోపమొచ్చింది. నా చేతిలకెళ్లి పువ్వు వాపసు తీసుకున్నడు. ఒక ఔలియా ఇంట్ల దొంగతనం చేసి ఇంకొక ఔలియా గడప ఎట్ల ఎక్కాలె? గందుకే పోతలేను."

నేను ఊరుకుంటే సరిపోయేది. ఇంకో కథ చెప్పి ఉన్నా సరిపోయేది, ఆ ఫకీరు క్షమించాడని చెప్పే కథ. అది నా నాలుక మీదికి వచ్చింది కూడా, దాచను.

"ఫకీరు లేడు," అన్నాను.

ఆమె చెయ్యి చాటలోనే ఆగింది.

"లేడా?"

"లేడు. ఎవలదో నాకు తెల్వదు. తెల్వదన బుద్ధిగాక కల్పించిన."

"మరి ఉప్పు?"

"ఉప్పు భూమిలదే."

తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండు. "మరి నేను ఎవలకు సదివిన?" అంది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. ఒక తల్లి కొడుకు, చనిపోయి ఏడాది కూడా కాలేదని నీ ఉత్తరంలోది చెప్పాను. నీ గురించిన మాట చెప్పలేదు, అది నువ్వే చెప్పాలి.

"పడుసు పిల్లగాడా?" అంది. తెలియదన్నాను. చాట పక్కన పెట్టి లోపలికి పోయింది. ఆ పూట మా ఇంట్లో పప్పు ఉడకలేదు.

సాయంత్రం సంగమేశ్ హోటల్‌కు పోయాను. నా కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పాను, ఆ పువ్వు ముచ్చటలో ఒక ముక్క మిగిలి ఉందని. అందరూ నవ్వడానికి సిద్ధంగా ముందుకు వంగారు. ఫకీరును కల్పించడం, నేను అటు తిరగడం, అన్నీ చెప్పాను. నాకు చేతనైనంత చప్పగా చెప్పాను. నవ్వొచ్చే చోట నోరు దానంతటదే వంకర తిరగబోతుంటే బిగబట్టుకున్నాను. సంగమేశ్ ఒకే బల్లను పదే పదే తుడిచాడు. ఎవరో లేచి పోయారు. అంబదాస్ మాత్రం అడిగాడు.

"గీ ముక్క ఇన్ని రోజులు ఎందుకు దాచినవ్ రా?"

"దీనికి ఎవలు నవ్వుతర్రా?"

"నిజమే," అన్నాడు. నాకు చాయ్ చెప్పలేదు.

మీ ఖాలూ


క్రాకోవ్,
మార్చి మొదట్లో

ఖాలూ,

పోయిన శనివారం ఆ శ్మశానానికి పోయాను. సమాధి దొరకలేదు. పండుగనాడు దీపాలతో అంత వేరుగా కనబడింది, ఇప్పుడు మంచు కింద అన్నీ ఒకేలా ఉన్నాయి. ఇదే అనుకున్న చోట నిలబడ్డాను, రాయి మీద మంచు తుడిస్తే అది ఎవరో దంపతులది. దీపం అక్కడే పెట్టి వచ్చాను. ఎవరిది అని ఎవరైనా అడిగితే తెలియదనే చెప్పేదాన్ని.

క్రిస్టీనాకు చెప్పాను. ఆమె ఆ రోజు మమ్మల్ని అసలు చూడనే లేదట. నేను అంతా చెప్పేదాకా విని, "నిన్ను పెంచిన ఆవిడేనా?" అంది. అవునన్నాను. కాఫీ కప్పు తీసుకుని తన సీటుకు పోయింది. ప్రమోషన్ వచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మొదట మీకే రాస్తున్నాను.

ఖాలాకు నిన్న ఫోన్ చేశాను. పాలు పొయ్యి మీద ఉన్నాయనే లోపే చెప్పేశాను, కాదు అన్నానని. ఖాలా అంది, "తెలుసు బిడ్డా. వాళ్ల మాట నాకు రాదు గని, కాదని తల ఊపుడు యాడనైనా ఒక్కటే." నేను ఏడ్చాను. "ఏడ్వకు, దగ్గొస్తది" అంది. అంతే, మాఫ్ చేశానని అనలేదు. నేనూ అడగలేకపోయాను.

మా అమ్మ కంటి ఆపరేషన్ ఈ నెలలోనే. మీరిద్దరూ నాగల్‌గిద్దకు పోయి ఆమెను చూసి రండి. నేను అడిగానని చెప్పండి.

జైనబ్


నారాయణఖేడ్,
మార్చి

బేటీ జైనబ్,

నీ ప్రమోషన్ సంగతి ఖాలాకు చెప్పాను. అల్లాకు కృతజ్ఞతగా షుక్రానా నమాజు చదివింది. ఇంట్లో చక్కెర లేకపోతే తనే పోయి తెచ్చి సేమ్యా వండింది, నాకు కూడా ఒక గిన్నె పెట్టింది.

పోయిన గురువారం దర్గాకు పోయింది. నన్ను పిలవలేదు. నర్మదను వెంట తీసుకుపోయింది. ముజావర్ పువ్వు ఇస్తే తీసుకోలేదట, సలాం చేసి దిగి వచ్చేసిందట. ఎందుకు తీసుకోలేదని నర్మద అడిగితే, "ఈసారికి వద్దు" అందని అంబదాస్ చెప్పాడు. బజారులో సాలమ్మ ఎదురైతే తనే ఆగి, "కల్హేర్ల మంచిగన్నవ్ లే, నిజమే అన్నవ్" అందట. సాలమ్మ మా ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుని చాలా సేపు పోలేదు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను పెరట్లోకి పోయాను.

నేను హోటల్‌కు పోతూనే ఉన్నాను. మొన్న ఎవరో, ఆ పోలండ్‌లో నిప్పులు కక్కే పాము బొమ్మ ఉందట కదా, అది గ్యాసు తోనా, కరెంటు తోనా అని అడిగారు. గంట సేపు చెప్పగలను. తెలియదన్నాను. సంగమేశ్ నా వైపు తిరిగి చూశాడు. ఇంకేమీ అడగలేదు వాళ్లు. ముచ్చట్లు లేకపోతే చాయ్ తొందరగా అయిపోతుందని ఈ వయసులో తెలుసుకున్నాను.

ఖాలాతో నా సంగతి అడుగుతావు. మాట పెడుతోంది. చిన్న చిన్న మాటలు, ఉప్పు సరిపోయిందా, తలుపు వేశావా, అట్లాంటివి. నేను కూడా అంతకంటే పెద్దవి మాట్లాడడం లేదు. పెద్దవి మాట్లాడితే నాకు కథ వచ్చేస్తుంది. ఆమె ముందు నడుస్తుంది, నేను వెనక నడుస్తున్నాను. ఇదివరకు నేను ముందు నడిచేవాణ్ణి. మాఫ్ చేయమని రెండుసార్లు నోటి దాకా తెచ్చుకున్నాను, రెండుసార్లూ సిగ్గేసింది. నలుగురి ముందు వదిలేసి, నాలుగు గోడల మధ్య మాఫ్ అడిగితే ఏం బాగుంటుంది?

నువ్వు రాసినట్టే మీ అమ్మను చూడడానికి నిన్న నాగల్‌గిద్దకు పోయాం. మెహ్‌జబీన్ బాగుంది. కంటికి పచ్చ గుడ్డ కట్టారు. మీ ఖాలా గొంతు విని గుర్తుపట్టింది, నా గొంతు కూడా. నువ్వు పంపిన ఫోటోలు రెండో కంటితో చూస్తానంది, వద్దని డాక్టర్ అన్నాడని మేం చూపించలేదు.

పోయేటప్పుడు బస్సు నిండుగా ఉంది. ఖాలాకు ముందర ఆడవాళ్ల దగ్గర సీటు దొరికింది. నేను వెనక నిలబడ్డాను. కండక్టరమ్మ ఖాలా ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్ ఇచ్చింది. నేను మనుషుల మధ్య నుంచి డబ్బులున్న చెయ్యి చాచాను, ఆమెకు అందలేదు. ఆమె నా వైపు చూసి, ఖాలాను అడిగింది.

"పెద్దమ్మా, వెనక గా తాత నీతోనేనా?"

బస్సులో చాలామంది తల తిప్పి చూశారు. ఖాలా కిటికీలోంచి బయటికి చూసింది. కంది చేలు కోసేసి ఉన్నాయి.

"ఆ, నాతోనే," అంది. "నాగల్‌గిద్దకు ఒకటి కొట్టు."

కండక్టరమ్మ టికెట్ కొట్టింది. డబ్బులు చేతులు మారి ముందుకు పోయాయి, టికెట్, చిల్లర చేతులు మారి వెనక్కి వచ్చాయి.

మీ ఖాలూ,
సాబిర్